అజ్రక్ ఒయాసిస్సు: పిట్టల కోసం ఒక రాత్రి ఆగాలి

జోర్డాన్ వెళ్లినవాళ్లు ఎక్కువగా పెట్రా, వాడీ రమ్, డెడ్ సీ చూసి వచ్చేస్తారు. మేం వెళ్లింది మార్చి చివర్లో, ఆఫ్రికాలో చలికాలం గడిపిన పిట్టలు ఉత్తరానికి తిరిగెళ్లే రోజుల్లో. అందుకే రెండు రోజులు అజ్రక్‌కి ఉంచుకున్నాం. అమ్మాన్ నుంచి తూర్పుగా సుమారు వంద కిలోమీటర్లు. దారి పొడుగునా నల్లరాళ్లు, దుమ్ము, సౌదీకి, ఇరాక్‌కి వెళ్లే లారీలు. ఈ ఎడారిలో నీళ్లెక్కడుంటాయిలే అనిపిస్తుంది.

మొదటి రోజు మధ్యాహ్నం ఎండలో చేరడం మా పొరపాటు. మాట్లాడుకున్న కారు డ్రైవరేమో గంటలో వచ్చేయాలని తొందరపెట్టాడు. ఆ గంటలో రెండు జంబుకోళ్లు, ఒక జిట్టంగి కనిపించాయి, అంతే. చాలా బాధేసింది. మీరు వెళ్తే కారు బేరమాడేటప్పుడే ఎంతసేపు ఆగాలో గట్టిగా చెప్పి ఒప్పించుకోండి. ఉదయం వెళ్లి సాయంత్రానికి అమ్మాన్ చేరే ట్రిప్పు మాత్రం పిట్టల కోసం వచ్చేవాళ్లకి పనికిరాదు.

రాత్రికి అజ్రక్ లాడ్జిలో దిగాం. 1940ల్లో బ్రిటిష్ సైన్యం ఆసుపత్రిగా వాడిన భవనం అది. ఇప్పుడు రాయల్ సొసైటీ ఫర్ ది కన్జర్వేషన్ ఆఫ్ నేచర్ అనే సంస్థ నడుపుతోంది, ఒయాసిస్సు రిజర్వు (పిట్టల కోసం కాపాడుతున్న చిత్తడి ప్రాంతం) కూడా వాళ్లదే. ఎన్నో తరాల కిందట కాకసస్ కొండల ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన చెచెన్ కుటుంబాలు ఈ ఊళ్లో ఉన్నాయి. రాత్రి భోజనంలో వాళ్ల వంటలే పెట్టారు. నాకు ఆ పూట పెట్రాలో తిన్న అన్ని పూటలకన్నా నచ్చింది. లాడ్జి నుంచి రిజర్వుకి నడిచి వెళ్లేంత దగ్గర కాదు, పొద్దున్నే బండి మాట్లాడి ఉంచుకోవాలి.

రెండో రోజు గేటు తీయగానే లోపలికి వెళ్లాం. రెల్లు మధ్య నుంచి చెక్కబాట, కాస్త దూరంలో పిట్టల్ని చాటుగా చూడటానికి కట్టిన మట్టి ఇటుకల గది. అందులో కదలకుండా కూర్చున్నాం. ముందు పొడుగుకాళ్ల ఉల్లంకి పిట్టలు వచ్చాయి, గులాబీరంగు కాళ్లతో నీళ్లని కదపకుండా నడుస్తూ. రెల్లు మీదుగా పిల్లిగద్ద ఒకటి తక్కువ ఎత్తులో తిరుగుతుంటే చిన్నపిట్టలన్నీ ఒక్కసారి మౌనమైపోయాయి. అది పోయాక గట్టు మీద నీలిగొంతు పిట్ట బయటికొచ్చింది. ఎంత దగ్గరంటే బైనాక్యులర్స్ దించేసి చూశాను. వెనక్కి వస్తుంటే దారి మధ్యలో కూకుడుగువ్వ మట్టిలో ముక్కు గుచ్చుకుంటూ తిరుగుతోంది.

అక్కడ గేదెలు కూడా ఉన్నాయి! రెల్లు మేసి నీటి మీద ఖాళీ జాగా ఉంచడం వాటి పని. ఆ ఖాళీ లేకపోతే కొంగలకి, బాతులకి దిగడానికి చోటుండదు.

ఈ నీళ్ల కథ తెలుసుకుని వెళ్తేనే అక్కడ కనిపించే ప్రతి పిట్ట విలువ తెలుస్తుంది. అమ్మాన్ దాహం తీర్చడానికి, చుట్టుపక్కల బావుల్లోంచి కూడా విపరీతంగా నీళ్లు తోడేయడంతో 1992 నాటికి ఊటలు పూర్తిగా ఎండిపోయాయి. 1967 ఫిబ్రవరిలో ఒక్కరోజు లెక్కిస్తే దాదాపు 3,47,000 పక్షులు ఉన్నాయట, 2000 ఫిబ్రవరిలో 1,200. ఇప్పుడు మనం చూసేది గొట్టాలతో నీళ్లు తిరిగి పోసి బతికించిన కొద్ది భాగమే. ప్రపంచంలో మరెక్కడా లేని అజ్రక్ కిల్లీఫిష్ అనే చిన్న చేప కూడా ఈ నీళ్లలోనే మిగిలింది. సందర్శకుల కేంద్రంలో దాని అక్వేరియం దగ్గర తప్పకుండా ఆగండి.

సమయం ఉంటే దగ్గర్లోని షౌమారి రిజర్వులో జింకల్లాంటి తెల్లటి అరేబియన్ ఓరిక్స్‌లని చూడొచ్చు, మాకు నచ్చింది. అజ్రక్‌లోని నల్లరాతి కోటకి అరగంట చాలు. 1917-18 చలికాలంలో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ బ్రిటిష్ సైనికాధికారి ఉన్నది ఇక్కడే. రాతి తలుపు ఒక్కటి మాత్రం తోసి చూడండి.

మూడో పూట కూడా ఉండాల్సింది. అమ్మాన్‌కి బయల్దేరుతుంటే పసిరిక పిట్టల గుంపు ఒకటి మా మీదుగా ఉత్తరానికి వెళ్లింది. అవి ఆ సాయంత్రం ఎక్కడ దిగాయో అని విమానం ఎక్కేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.