అడుగు లైను కోసం తెరిచే పుస్తకం

ఆల్టర్నేటివ్, ఎక్స్‌పెరిమెంటల్ రాక్ రికార్డుల మీద ఈ లావుపాటి గైడు నా దగ్గరికి వచ్చి పదకొండేళ్లు దాటింది. బ్యాండ్ల పేర్లు అక్షరక్రమంలో, ఒక్కోదాని కింద ఆల్బమ్‌ల పట్టీ, ఆపైన రెండు మూడు పేరాల అభిప్రాయం. అదంతా ఇలాంటి పుస్తకాల్లో మామూలే. నేను రాస్తున్నది ప్రతి బ్యాండు కిందా చిన్న అక్షరాల్లో ఉండే ఒక్క లైను గురించి: "ఇవి కూడా చూడండి."

దాని విలువ నాకు పెర్ ఊబు దగ్గర తెలిసింది. క్లీవ్‌లండ్ బ్యాండు. 1978 నాటి 'ది మోడర్న్ డాన్స్' అప్పటికే నాకు కంఠతా వచ్చు. అడుగు లైనులో రెడ్ క్రేయోలా అని ఉంది. ఎవరా అని పేజీలు తిప్పితే టెక్సస్ వాళ్లు, మొదటి ఆల్బమ్ 1967లో. వీళ్లకీ వాళ్లకీ ఏం సంబంధం? ఆ బ్యాండు నడిపిన మేయో థాంప్సన్ తర్వాత్తర్వాత వచ్చి పెర్ ఊబులో గిటార్ వాయించాడు. ఆ 1967 రికార్డు సంపాదించి విన్నాను. పాటకీ పాటకీ మధ్య పెద్ద గుంపొకటి చేతికందినదల్లా మోగిస్తుంది, ఆ గోలలోంచి మళ్లీ పాట పైకి తేలుతుంది. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. కొన్నాళ్లకు రెయిన్‌కోట్స్ అనే బ్యాండు 1979 ఆల్బమ్ వివరాలు చదువుతుంటే ప్రొడ్యూసర్లలో మళ్లీ మేయో థాంప్సన్ పేరే! ఆ రోజే మూడు రికార్డులనూ తీసి షెల్ఫులో పక్కపక్కన పెట్టాను. ఇప్పటికీ అక్షరక్రమం తప్పి అలాగే ఉన్నాయి.

ఒకప్పుడు ఎవరడిగినా ఈ గైడు ఒక్కటుంటే చాలని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. జర్మనీ బ్యాండ్లకు ఇచ్చిన చోటు మరీ తక్కువ, ఇచ్చిన కాస్త చోటులోనూ తీర్పులు తొందరగా ఉంటాయి. నోయ్! అనే ఇద్దరి బ్యాండు 1973లో తెచ్చిన 'నోయ్! 2' రెండో వైపు గురించి ఒకే ఒక్క వాక్యం, అదీ ఖాళీ నింపడానికి చేసినట్టుందని. ఆ మాట నమ్మి ఆరేళ్లు దాని జోలికి పోలేదు. చివరికి ఒక స్నేహితుడు వినిపించాడు. రికార్డింగ్ సగంలో ఉండగా డబ్బు అయిపోయింది, అది నిజమే. అప్పుడు ఆ ఇద్దరూ అంతకుముందు విడుదల చేసిన తమ సింగిల్‌నే తీసి స్పీడు మార్చి వేశారు. 'సూపర్ 16'లో డ్రమ్స్ బురదలో కాళ్లీడ్చినట్టు నడుస్తాయి. 'సూపర్ 78'లో అదే పాట ఊపిరాడనంత వేగంగా పరుగెడుతుంది. ఇంకోచోట టేపును మెషిన్ నమిలేస్తున్నట్టు వినిపిస్తుంది. డబ్బు లేకపోవడమే అక్కడ పాటయింది. అది చెవిన పడ్డాక ఆ ఒక్క వాక్యం మీద కోపం వచ్చింది, ఆరేళ్లు పోయాయని బాధేసింది కూడా.

అప్పటినుంచి అభిప్రాయాలు ఆల్బమ్ విన్నాకే చదువుతున్నాను. ముందు చూసేది అడుగు లైనే. బాగా తెలిసిన రచయితలే రాశారు, వాక్యాల్లో ఉత్సాహం ఉంది, కాదనను. కానీ తొంభైల మొదట్లో ఆగిపోయిన పుస్తకం. అప్పటికి దొరకవని రాసిన రికార్డులు చాలావరకు తర్వాత మళ్లీ అచ్చయ్యాయి.

నేను నెలకు ఒకటో రెండో రికార్డులు కొని, ఒక్కోదాన్ని వారాల తరబడి వినేవాణ్ణి. ఈ పుస్తకం నా తీరుకు సరిపోయింది. ఒక్కరోజులో పది ఆల్బమ్‌లు వినాలనుకునేవాళ్లకు, ఎవరు ఏ బ్యాండులో వాయించారో ఫోన్‌లో చూసుకునేవాళ్లకు ఇంత బరువు అవసరం పడకపోవచ్చు. బైండింగు కూడా చివరి అక్షరాల దగ్గర విడిపోయింది. వైర్ అనే బ్యాండు ఉన్న పేజీలు టేపుతో అతికించాను, ఎందుకంటే అక్కణ్ణుంచి అందులోని ఇద్దరి మరో బ్యాండు డోమ్‌కి ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు.

నిన్న రాత్రి దిస్ హీట్ అనే బ్యాండు కింద అడుగు లైనులో క్యాంబర్‌వెల్ నౌ అని ఇంకో బ్యాండు పేరు కనబడింది. ఇన్నేళ్లూ నా కంట పడలేదు. పక్కన పెన్సిల్‌తో గీత పెట్టాను. ఇంకా వినలేదు.