వేటపాలెంలో చదివి, చీరాలలో విని

వేటపాలెం అంటే చాలామందికి జీడిపప్పే. అదే ఊళ్లో 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి మొదలుపెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. మేం వెళ్లింది దానికోసం. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఆ రోజుల్లో అయితే చదువుకోవడంతో పాటు నాలుగు మాటలు వినొచ్చని అప్పుడే బయల్దేరాం.

ముందు బస సంగతి. వాడరేవు, రామాపురం వైపు సముద్రం పక్కన రిసార్టులున్నాయి గానీ శని, ఆదివారాల్లో రేట్లు మండిపోతాయి. పైగా పొద్దున్నే లైబ్రరీకి వెళ్లాలనుకునేవాళ్లకి ఆ హడావుడి పడదు. అందుకే చీరాల స్టేషను దగ్గర ఒక మామూలు లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. వేణ్నీళ్లు అడిగితే మాత్రం "ఐదు నిమిషాలండీ" అనేవాళ్లు, చివరికి చన్నీళ్లే గతి. అయినా మళ్లీ వెళ్తే చీరాలలోనే ఉంటాను. పెద్ద రైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే, వేటపాలేనికి ఆటోలో వెళ్లిపోవచ్చు, టిఫిను సెంటర్లు తెల్లారేసరికే తెరుస్తారు.

సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీజీ వచ్చి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి అక్కడ భద్రంగా ఉంచారు, వచ్చినవాళ్లందరూ ముందు దాన్నే చూస్తారు. నాకు పాత పత్రికల బైండ్ల మీద మోజు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక కాలం నాటి కాగితం అంచులు వేలు తగిలితే పొడిగా రాలతాయి. పుట తిప్పాలంటే రెండు చేతులూ కావాలి. ఏ సంవత్సరం, ఏ విషయం కావాలో ముందే అనుకుని వెళ్లండి, ఫోను చేసి వేళలు కనుక్కోండి. ఊరికే చుట్టి వద్దామనుకుంటే అరగంటలో అయిపోతుంది.

సాయంత్రం చీరాలలో ఒక చిన్న పఠనాలయంలో సభ. అతిథుల ప్రసంగాలతోనే గంట గడిచింది, సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. అప్పుడు మైకు ముందుకొచ్చిన ఒక రిటైరైన మాస్టారు కాగితం ముక్క లేకుండా చీరాల-పేరాల ఉద్యమం చెప్పారు. 1919లో చీరాల, పేరాల, చుట్టుపక్కల ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేశారు, పన్నులు అమాంతం పెరిగాయి. నేతపనితో పొట్ట పోసుకునేవాళ్లు అవి ఎక్కణ్నుంచి కడతారు? స్వాతంత్ర్యోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, రామదండు అనే తన వాలంటీర్ల దళంతో వాళ్లకి అండగా నిలిచారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ వచ్చి వెళ్లాక, జనం పన్ను కట్టడం కన్నా ఊరు వదలడమే మేలనుకున్నారు. మునిసిపాలిటీ హద్దు దాటి, రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని, గుడిసెలూ పందిళ్లూ వేసుకుని పదకొండు నెలలు గడిపారు. గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టారు.

ఇదంతా బడి పుస్తకంలో రెండు లైన్లు. ఎండాకాలంలో పాకల్లో నీళ్లెట్లా, మగ్గాలు ఎక్కడ పెట్టారు, పెళ్లిళ్లెట్లా చేశారు అని సభలోవాళ్లు అడుగుతుంటే, మాస్టారు తనకు తెలిసింది చెప్పి, తెలియనిది ముందు వరుసలో కూర్చున్న ఒక నేతపెద్ద వైపు చూపించారు. ఆయన తాతల నుంచి విన్నది చెప్పారు. నా లెక్కలో ఆ ప్రయాణానికి పెట్టిన ఖర్చంతా ఆ పావుగంటకే చెల్లింది. మర్నాడు పేరాల, జాండ్రపేట వీధుల్లో నడుస్తుంటే మగ్గాల చప్పుడు వేరేగా వినిపించింది. ఆటోవాడితో బేరం మాత్రం ఎక్కే ముందే తెంపుకోండి, చారిత్రక ప్రదేశాలు చూపిస్తానని ఒకాయన మమ్మల్ని బట్టల కొట్టుకి తీసుకెళ్లాడు!

తిరుగు ప్రయాణంలో కొల్లూరు మీదుగా రావాలనుకున్నాం. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పిన దారి అది. సొంత కారుంటే తప్పకుండా కలుపుకోండి. బస్సుల్లో మారుతూ పోతే పొద్దు వాలిపోతుంది, మేమందుకే మానుకున్నాం.

పిల్లలతో వెళ్లేవాళ్లకి, మంచి హోటలు కావాలనుకునేవాళ్లకి రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం సులువు. గోదావరీ పక్కనే, గదులకీ కొదవ లేదు. కానీ ఒకే ఊరి కథని చదివి, విని, ఆ వీధుల్లోనే నడవాలంటే నేను చీరాల, వేటపాలేలకే ఓటేస్తాను, అదీ నవంబరులోనే. మే నెలలో అక్కడి ఉక్కపోత మామూలుగా ఉండదు.