ఆర్‌ఓనా, యూవీనా? ఇంటి తాగునీటికి ఏది మేలు?

హైదరాబాద్‌లోని చాలా అపార్ట్‌మెంట్లలో కృష్ణా, గోదావరి, మంజీర జలాలను శుద్ధి చేసి జలమండలి పంపే నల్లా నీళ్లు, ఆవరణలోని బోరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. వంటింటి గోడకు ఏ యంత్రం తగిలించాలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ కలయికలోనే ఉందని నా అభిప్రాయం.

ఆర్‌ఓ (రివర్స్ ఆస్మోసిస్, అంటే నీటిని ఒత్తిడితో పొర గుండా నెట్టడం) యంత్రంలోని పొర నీటిలో కరిగిన లవణాలను, ఫ్లోరైడ్‌ను, నైట్రేట్లను చాలావరకు ఆపగలదు. యూవీ (అతినీలలోహిత కాంతి) దీపం క్రిములను నిర్వీర్యం చేస్తుంది గానీ, కరిగి ఉన్నదాన్ని రవ్వంత కూడా తగ్గించదు. పైగా నీరు మడ్డిగా ఉంటే ఆ కాంతి క్రిముల దాకా చేరదు. యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్, అంటే అతి సన్నని రంధ్రాల వడపోత) పొర కరెంటు లేకుండానే మట్టిని, బ్యాక్టీరియాను వడకడుతుంది, అయితే ఉప్పదనం, కాఠిన్యం దాని చేతిలో లేవు. కాచి చల్లార్చడం క్రిములకు మంచి మందే, కానీ ఫ్లోరైడ్ ఉన్న నీటిని మరిగిస్తే ఆవిరైపోయిన మేరకు మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది.

అన్నీ చేస్తుంది కదా అని ఆర్‌ఓనే కొనడం సరికాదు. ఇళ్లలో వాడే చాలా ఆర్‌ఓ యంత్రాలు ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతాయి. తాగడానికీ వంటకూ రోజుకు పది లీటర్లు వాడే ఇంట్లో, మూడు లీటర్ల లెక్కన, నెలకు 900 లీటర్లు కాలువ పాలవుతాయి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలనీల్లో ఇది చిన్న విషయం కాదు.

అమ్మకానికి వచ్చేవారు చూపే ఒక ప్రదర్శన గురించి తప్పక చెప్పాలి. రెండు గ్లాసుల్లో లోహపు కడ్డీలు ముంచి కరెంటు ఇస్తారు; నల్లా నీరు గోధుమ రంగుకు తిరిగి, అడుగున మడ్డి పేరుకుంటుంది, ఆర్‌ఓ నీరు మాత్రం తేటగా ఉంటుంది. ఆ మడ్డి ప్రధానంగా నీటిలోది కాదు, కరిగిన కడ్డీల ఇనుముది. లవణాలున్న నీటిలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది, లవణాలు తీసేసిన నీటిలో పెద్దగా పారదు. దాన్ని చూసి భయపడి సంతకం పెట్టేవారిని తలచుకుంటే బాధ కలుగుతుంది.

టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న మొత్తం పదార్థాలు) మీటరుకూ ఒక హద్దు ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు టీడీఎస్ ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతి. ఫ్లోరైడ్‌కు ఆ హద్దులు 1, 1.5 మిల్లీగ్రాములు మాత్రమే. మీటరు మొత్తం లవణాల అంచనా చెబుతుందే తప్ప అందులో ఫ్లోరైడ్ ఎంతో, క్రిములున్నాయో లేవో చెప్పదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లోని బోర్ల విషయంలో ఇది ప్రాణప్రదమైన తేడా. ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారంటే అక్కడి సమస్య ఎంత పాతదో ఊహించవచ్చు. అలాంటి చోట బోరు నీరే దిక్కయితే నేను నిస్సంకోచంగా ఆర్‌ఓనే ఎంచుకుంటాను. పప్పు ఎంతకీ ఉడకక, గిన్నెల అడుగున తెల్లగా పెచ్చు కట్టే కఠిన జలానికీ అదే దారి.

శుద్ధి చేసిన నదీజలం మాత్రమే వచ్చే ఇంటికి కార్బన్ ఫిల్టరు, యూఎఫ్, యూవీ కలిసిన యంత్రం చాలు. ఇరవై లీటర్ల క్యాన్ నీటిని నేను ఈ పోటీలోకి తీసుకోను, ఆ క్యాన్‌ను ఎలా కడిగారో మనకు తెలియదు కనుక.

మా ఇంట్లో నల్లా నీటికి మీటరు 260, సంపు నీటికి 1100 చూపింది. ప్రయోగశాల పరీక్షలో నల్లా నీటి ఫ్లోరైడ్ హద్దులోనే ఉందని తేలాక, నల్లా గొట్టాన్ని సంపులో కలవనీయకుండా నేరుగా వంటింటికి వేయించి, యూవీ యంత్రం పెట్టుకున్నాం. ప్లంబరుకు ఒక పూట పని పట్టింది, ఆర్‌ఓ అవసరం తప్పింది.