21 రోజుల్లో జీవితాన్ని మారుస్తామనే కోర్సుకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

యూట్యూబ్‌లో ఏ వీడియో తెరిచినా ముందుగా ప్రత్యక్షమై, 21 రోజుల్లో మీ అలవాట్లనూ జీవితాన్నీ మార్చేస్తానని చెప్పే ఆ కోచ్ ఎవరో మీలో చాలామందికి తెలుసు కనుక పేరు రాయడం లేదు. 99 రూపాయల వెబినార్, దాని తర్వాత వారాంతపు శిబిరం, శిబిరం చివరి గంటలో ‘ఈ రాత్రి 12 వరకే’ అంటూ తెర మీద పరుగెత్తే గడియారం, దాని కింద 47,999 రూపాయల కోర్సు: ఈ వరుస కూడా మీకు తెలిసిందే. షుగర్ జబ్బు వచ్చే హద్దుకు చేరానని డాక్టరు హెచ్చరించడంతో, ఉదయం నడక, రాత్రి పెందలాడే నిద్ర అలవాటు చేసుకుందామని నేను అందులో చేరాను. ఈ రెండూ పైసా ఖర్చు లేకుండా చేసుకోదగినవేనని మా ఇంట్లో వారు పూటకోసారి గుర్తు చేస్తూనే ఉన్నారు.

ఆ డబ్బుకు దక్కినవి ఎప్పుడో రికార్డు చేసిపెట్టిన వీడియోలు, ఒక వాట్సాప్ గ్రూపు, కొరియర్‌లో వచ్చిన డైరీ, చేతికి తొడుక్కునే ఒక రబ్బరు బ్యాండు. చెడ్డ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆ బ్యాండును లాగి మణికట్టు మీద కొట్టుకోవాలట. ఒక్కరోజు నడక తప్పినా డైరీని మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలన్నది వారి నియమం. మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నాకు నడక కుదరలేదు. ఆ సంగతి చెబితే ‘అది సాకు’ అని జవాబు వచ్చింది.

ఫలితం లేకపోతే డబ్బు మొత్తం వాపసు ఇస్తామని శిబిరంలో పెద్ద అక్షరాలతో చూపించారు కాబట్టి, ఆ మాట ప్రకారం నా డబ్బు ఇచ్చేయమని అడిగాను. వారి సహాయక నంబరుకు పంపిన సందేశాలకు నీలి టిక్కులు పడ్డాయే తప్ప సమాధానం రాలేదు. చివరికి వారంవారం జరిగే జూమ్ సమావేశంలో, వీలైనంత మర్యాదగానే, వాపసు సంగతి కనుక్కున్నాను. వెంటనే నా ముఖాన్ని అందరికీ తెర నిండా కనిపించేలా పెట్టి, వయసులో నాకంటే ఎంతో చిన్నవాడైన ఆ కోచ్ నవ్వుతూ ఇలా అన్నాడు: ‘చూడమ్మా, డబ్బు వాపసు అడిగే మనస్తత్వమే నీ అసలు జబ్బు. నువ్వు మారడానికి సిద్ధంగా లేవు. అందరూ గమనించండి, సాకు అంటే ఇలా ఉంటుంది.’ నేను మాట్లాడబోయేసరికి నా మైకు ఆపేశారు. ‘సాకులు చెప్పకుండా ముందుకు వెళ్లేవాళ్లు చాట్‌లో 1 అని టైప్ చేయండి’ అన్నాడు. ఒకటి తర్వాత ఒకటి, ఒకట్లు వచ్చి పడుతూనే ఉన్నాయి. నిన్నటిదాకా రోజూ తన నడక ఫోటోలు పంపిస్తూ, ‘మీరూ చేయగలరు అక్కా’ అని నాకు ధైర్యం చెప్పిన ఆవిడ కూడా 1 పెట్టింది. డబ్బు పోయినందుకన్నా నాకు ఇప్పటికీ మండుతున్నది దీనికే. సమావేశం ముగియకముందే నన్ను గ్రూపు నుంచి తీసేశారు. సాకులు చెప్పేవారిని ఏరివేయడంలో మాత్రం వారి క్రమశిక్షణ మెచ్చుకోదగినదే.

ఈ పద్ధతిలోని మోసం ఏమిటంటే, మార్పు వస్తే ఆ ఘనత కోర్సుది, రాకపోతే ఆ లోపం మనది. అసలు ఆ 21 అనే అంకె ఎక్కడిదో తర్వాత వెతికి చూశాను. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో వెలువరించిన పుస్తకంలో, శస్త్రచికిత్స చేయించుకున్నవారు తమ కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతుందని రాశాడు. ఆయన ‘కనీసం’ అన్నాడు, అదీ అద్దంలో ముఖం చూసుకోవడం గురించి. నడక గురించి కాదు, నిద్ర గురించి కాదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా స్థిరపడడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందనీ, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చనీ అంచనా వేశారు. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదని కూడా అందులోనే ఉంది. అంటే, ఒక్కరోజు తప్పినా మళ్లీ ఒకటో పేజీకి పోవాలన్న వారి నియమానికి ఆ అధ్యయనంలో ఆధారమేమీ లేదన్నమాట. పాతికవేలో యాభైవేలో పుచ్చుకుని మార్పు గురించి పాఠం చెప్పే మనిషికి ఈపాటి సంగతి తెలియదని నేను నమ్మను.

ఇక ఫీజును వడ్డీ లేని నెలసరి వాయిదాల్లో కట్టొచ్చని చెప్పే ‘నో కాస్ట్ ఈఎంఐ’ కథ. రిజిస్ట్రేషన్ కోసమని చెప్పి వారి కుర్రాడు ఫోన్‌లో అడిగి తీసుకున్న ఓటీపీతో ఒక ఫైనాన్స్ సంస్థ నా పేరు మీద అప్పు మంజూరు చేసింది. కోచ్‌కు సొమ్ము ఒక్కసారిగా ముట్టింది. కోర్సు నుంచి నన్ను గెంటేసినా వాయిదా మాత్రం ప్రతి నెలా 5వ తేదీన నా ఖాతాలోంచి పోతూనే ఉంటుంది. ఆపితే చెడేది నా సిబిల్ స్కోరు, అంటే అప్పులు తీర్చే తీరును బట్టి నాకు పడే మార్కు.

ఇప్పటికే ఇలా సంతకం చేసినవారు అప్పు ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు ఎంతో ఈరోజే చూసుకోండి. రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణ నిబంధనల ప్రకారం ఆ గడువులోగా అప్పు అసలు సొమ్ము, ఆ కొద్ది రోజుల ఖర్చు చెల్లించి జరిమానా లేకుండా బయటపడవచ్చు, కానీ ఆ గడువు చాలా తక్కువగా ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సేవకు రసీదులో రాసిన గడువులోగా, అది రాయకపోతే 30 రోజుల్లోగా, డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వాణిజ్య పద్ధతి కిందికి వస్తుంది. వాపసు హామీ ఇచ్చిన స్లైడును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఓటీపీ దేనికో చదవకుండా చెప్పకండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ ఆదివారం జూమ్ సమావేశంలో ఉండి, 1 టైప్ చేసినవారైనా సరే, రికార్డింగు దగ్గర ఉంటే దయచేసి నాకు పంపండి.