పటగోనియాలో మూడు వారాలు: చిలీ దారి మేలా, అర్జెంటీనా దారి మేలా?

దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న పటగోనియాలో, ఆండీస్ పర్వతాలకు అటొకటి, ఇటొకటిగా రెండు దారులు దక్షిణానికి సాగుతాయి. పడమట చిలీలో కరెటెరా ఆస్ట్రల్, తూర్పున అర్జెంటీనాలో రూటా 40. మూడు వారాలున్నాయి కదా అని రెండూ చుట్టేయాలనుకుంటే ఏదీ దక్కదు. ఒకటే ఎంచుకోండి.

రూటా 40 పటగోనియాలో చాలావరకు తారు రోడ్డే. గోబెర్నదోర్ గ్రెగోరెస్ దాటాక కొంత దూరం కంకర దారి వస్తుంది, వాన పడితే అది బురదే. పడమటి గాలులు తెచ్చే వానను కొండలు చిలీ వైపే దించేస్తాయి కాబట్టి ఇటంతా మెట్ట నేల. గంటల తరబడి ముళ్లపొదలు, ఒంటె జాతికి చెందిన గ్వానాకోల మందలు తప్ప మరేమీ కనిపించవు. చివర్లో మాత్రం 3,405 మీటర్ల ఫిట్జ్ రాయ్ శిఖరం, పెరీటో మొరేనో హిమానీనదం ఉన్నాయి. ఫిట్జ్ రాయ్ దగ్గరి ఎల్ చల్తేన్‌లో నడకదారులు ఊరి పొలిమేరలోనే మొదలవుతాయి.

ఇక్కడ భయపడాల్సింది గాలికి. కారు ఆపినప్పుడు ముందు భాగం గాలికి ఎదురుగా ఉండాలి. తలుపులు ఒక్కొక్కటిగా, గట్టిగా పట్టుకుని తెరవాలి. గాలి వెనకనుంచి కొడితే తలుపు చేతిలోంచి జారి, కీలు దగ్గర వంగిపోతుంది.

కరెటెరా ఆస్ట్రల్ తీరే వేరు. 1976లో పని మొదలైన ఈ రోడ్డు, దక్షిణ కొసన ఉన్న విల్లా ఓహిగిన్స్‌ను చేరింది 2000లో. పొడవు సుమారు 1,240 కిలోమీటర్లు. దారి ఆగినచోట బల్లకట్టు ఎక్కాలి. ఓర్నోపిరేన్ దగ్గర వేసవిలో ముందుగా టికెట్ లేకపోతే కష్టం. పుయెర్తో యుంగాయ్ దగ్గర రుసుము లేదు, వరుసలో నిలబడాలి. కేయులాత్ జాతీయ ఉద్యానంలో కొండ అంచున వేలాడే హిమానీనదాన్ని రోజంతా మబ్బు మూసేయవచ్చు. హెనెరల్ కరేరా సరస్సులో గాలి లేస్తే పాలరాతి గుహలకు పడవ కదలదు. మర్నాటిదాకా ఆగగలిగినవారికే ఇవన్నీ కనిపిస్తాయి. రోడ్లు లేని కలేతా తోర్తెల్ ఊళ్లో చెక్క వంతెనల మీద నడుస్తూ ఒక పూట ఊరికే గడపడం కూడా ప్రయాణంలో భాగమే.

అందుకే నిజంగా మూడు వారాలు చేతిలో ఉంటే నా ఓటు చిలీ దారికే, అందులో కనీసం నాలుగు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా వదిలేయగలిగితేనే. పది, పన్నెండు రోజులే ఉండి తిరుగు విమానం తేదీ మారదంటే, పెరీటో మొరేనో హిమానీనదానికి దగ్గరి ఎల్ కలఫాతేలో దిగి రూటా 40 దక్షిణ భాగం చూడండి. సొంత కారు లేకుండా బస్సులను నమ్ముకునేవారికీ అదే నయం. చిలీ వైపు దక్షిణాది ఊళ్లకు బస్సు రోజూ ఉండదు.

అద్దె కారుతో సరిహద్దు దాటాలంటే కంపెనీ నుంచి అనుమతి పత్రం ముందే తీసుకోవాలి. చిలీలోకి తాజా పండ్లు, తేనె, విత్తనాలు రానివ్వరు. మన పచ్చళ్లు, పొడులు పెట్టెలో ఉంటే సరిహద్దు డిక్లరేషన్ ఫారంలో తప్పక రాయండి. దాచి పట్టుబడితే జరిమానా వేస్తారు.