1966 లడ్విగ్ సూపర్ క్లాసిక్: ఎనిమిదేళ్లు వాయించాక

నేనుండేది అమెరికాలో షికాగో పక్కన, అరోరాలో. పాత డ్రమ్ములు బాగుచేసి అమ్మే ఒకాయన దగ్గర 2017లో 1966 నాటి సూపర్ క్లాసిక్ సెట్ కొన్నాను, లడ్విగ్ అనే అమెరికన్ కంపెనీ చేసిన డ్రమ్ సెట్ అది. కాలి పెడల్‌తో వాయించే 22 అంగుళాల బేస్ డ్రమ్, దాని మీద బిగించే 13 అంగుళాల టామ్, నేల మీద నిలబడే 16 అంగుళాల ఫ్లోర్ టామ్, మూడూ కలిపి 2,400 డాలర్లు. కింద తీగలుండి చరచరమనే స్నేర్ డ్రమ్ విడిగా కొనుక్కున్నాను. అప్పట్నుంచి దాదాపు ప్రతి వారాంతం వాయిస్తున్నాను, ఉగాది కార్యక్రమాలకూ మోసుకెళ్తున్నాను.

రంగు పేరు సిల్వర్ స్పార్కిల్. చూస్తే మాత్రం తేనె కలిపిన నీళ్లలా ఉంటుంది, ఏళ్ల తరబడి వెలుతురు తగిలి, చెక్క మీద అంటించిన ప్లాస్టిక్ తొడుగు పైపొర పసుపెక్కింది. ఒకసారి లగ్ (స్కిన్ బిగించే బోల్టు పట్టే లోహపు ముక్క) విప్పితే దాని కింద అసలు వెండిరంగు నిన్ననే తోమిన గిన్నెలా మెరుస్తోంది. బాగుచేసినాయన ఆ పాత తొడుగును పీకి కొత్తది అంటించలేదు, పాలిష్ పట్టి వదిలేశాడు. నేను ఎక్కువ మార్కులు వేసేది దీనికే. కొత్త తొడుగు ఫోటోలో బాగుంటుంది కానీ పాత డ్రమ్ము విలువ బాగా పడిపోతుంది.

లోపల చూడటం నాకింకా ఇష్టం. తెల్ల పెయింటు, అక్కడక్కడ కారి గడ్డకట్టిన చారలు, ఎర్ర సిరాతో తేదీ ముద్ర. టామ్‌లో మార్చి, ఫ్లోర్ టామ్‌లో జూన్. బ్యాడ్జీల మీద నంబర్లు కూడా వరసలో లేవు. వేర్వేరు సెట్లవి కలిపి అంటగట్టాడేమోనని టెన్షన్ పడ్డాను. తర్వాత తెలిసింది, లడ్విగ్ వాళ్లు సెట్టు లెక్కన నంబర్లు వేయలేదట. 1964 ఫిబ్రవరి 9న ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ అమెరికా టీవీలో కనబడ్డారు. వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ డ్రమ్ము మీద లడ్విగ్ పేరు చూసి కుర్రాళ్లంతా అదే కావాలన్నారు. షికాగో డేమన్ అవెన్యూలోని ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడిచింది. నా డ్రమ్ములోని పెయింటు చారలు చూస్తే ఆ హడావిడి కళ్లకు కడుతుంది. 1981లో కంపెనీ సెల్మర్ అనే వాద్యాల కంపెనీ చేతికి వెళ్లింది, తర్వాత తయారీ నార్త్ కరోలినాకు తరలిపోయింది.

ఇక నాదం. షెల్, అంటే డ్రమ్ము గుల్ల, పలుచటి మూడు పొరల చెక్క. బేస్ డ్రమ్ లోతు 14 అంగుళాలే, ఇప్పటి సెట్లలో చాలావాటికి 18 ఉంటుంది. అందుకే పెడల్ తొక్కగానే పలుకుతుంది, పలికి ఆగిపోతుంది. చిన్న హాల్లో పాడేవాళ్ల గొంతును మింగెయ్యదు. శ్రుతి తగ్గించినా టామ్ బొంగురుపోదు. పెద్ద హాల్లో గట్టిగా వాయించాలంటే మాత్రం మైకులు పెట్టాల్సిందే.

ఒక్క విషయంలో ఇప్పటికీ బాధ ఉంది. ఆ కాలపు లడ్విగ్‌లో స్కిన్ (కర్రతో కొట్టే పొర) ఆనే చెక్క అంచు కాస్త గుండ్రంగా ఉంటుంది, ఆ మెత్తటి నాదంలో దాని పాత్ర చాలా ఉంది. కొన్న ఆరు నెలలకు స్కిన్ మార్చబోయి ఫ్లోర్ టామ్ అంచు మీద వేలు తిప్పితే కత్తిలా తగిలింది. చెక్క కొత్తగా కోసిన రంగులో ఉంది. ఎవరో ఇప్పటి పద్ధతిలో పదునుగా చెక్కేశారు. అమ్మినాయన ముందు చెప్పలేదు, అడిగితే పాత యజమాని పని అయ్యుంటుందన్నాడు. టామ్ 'దుమ్' అంటే ఇది గణగణమనేది. పైన పూత ఉన్న మందపాటి కోటెడ్ స్కిన్ వేసి, కింది స్కిన్ కాస్త వదులు చేశాక చాలావరకు దారికొచ్చింది. కోసిన చెక్క మళ్లీ రాదు కదా. కొనేముందు స్కిన్లు విప్పించి, అంచు చుట్టూ వేలితో తడిమి చూడండి. విప్పనంటే వెనక్కి వచ్చేయండి.

మా ఊళ్లో డప్పును మంట దగ్గర కాచి వాయించేవాళ్లు. ఇక్కడ స్కిన్ ప్లాస్టిక్ కాబట్టి ఆ పని లేదు కానీ చెక్కకూ తొడుగుకూ వాతావరణం తగులుతూనే ఉంటుంది. చలికాలమంతా హీటర్ నడిచే ఇంట్లో గాలి పొడిబారుతుంది. రెండో ఏడు జనవరిలో బేస్ డ్రమ్ తొడుగు అతుకు దగ్గర వేలెడంత లేచింది. అంటించి, గదిలో గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫయర్ పెట్టాక మళ్లీ లేవలేదు. టామ్‌ను మోసే పాత క్లాంపు కూడా గంట వాయిస్తే జారుతుంది. అసలు భాగమని మార్చలేదు, పాటకూ పాటకూ మధ్య బిగిస్తుంటాను.

ఇప్పుడు అదే ఏడాది నాటి ఫ్లోర్ టామ్ ఒకటి వెతుకుతున్నాను. రంగు కలవకపోయినా సరే, అంచు చెక్కకుండా ఉంటే చాలు.