బేగంబజారు టబ్బు బాగుంది, దానితో వచ్చిన వల వద్దు

పసిబిడ్డకు స్నానం చేయించడానికి కాళ్లు బారజాపుకుని పీట మీద కూర్చున్న అమ్మమ్మను మించిన పరికరం ఇంకా ఎవరూ తయారు చేయలేదు. చిక్కల్లా ఆ అమ్మమ్మ మోకాళ్లు అరిగిపోయినప్పుడే. నేను కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. అందుకే మా అమ్మాయి పురుడు దగ్గరపడగానే బేగంబజారు వెళ్లి పసిపిల్లల స్నానపు టబ్బు కొన్నాను. టబ్బు ఎనిమిది వందలు, దానికి కొక్కేలతో తగిలించే వల మూడు వందల యాభై. కంపెనీ పేరు చెప్పి లాభం లేదు. ఒకే అచ్చులో పోసిన టబ్బులు అక్కడ దుకాణం దుకాణానికీ వేలాడుతున్నాయి, స్టిక్కర్లే వేరు.

దుకాణదారు ముందుగా మడత టబ్బు చూపించాడు. "ఫ్లాట్లలో అందరూ ఇదే తీసుకుంటున్నారమ్మా" అన్నాడు. ఆ రబ్బరు మడతల్లో సబ్బు జిడ్డు పేరుకుంటే తోమడానికి వేలు కూడా దూరదు, నాలుగు రోజులు తడిగా ఉంటే బూజు పడుతుంది. పైగా మడత కాళ్లు సరిగా బిగుసుకోకపోతే టబ్బు ఒక పక్కకు ఒరుగుతుంది. గట్టి టబ్బే తీసుకుని, వాడనప్పుడు స్నానాలగది తలుపు వెనక నిలబెడుతున్నాం.

ఈ టబ్బులో నాకు బాగా నచ్చినవి రెండు. వీపు వైపు ఏటవాలుగా ఉండి, మధ్యలో చిన్న ఉబ్బెత్తు ఉంది. బిడ్డ పిరుదులు దానికి ఆనుకుంటాయి కాబట్టి కిందికి జారిపోదు. రెండోది అడుగున ఉన్న బిరడా. నీళ్లతో నిండిన టబ్బును ఎత్తి వంపడం బాలింతకూ మంచిది కాదు, నాకూ చేతకాదు. బిరడా తీస్తే నీళ్లు నేరుగా తూములోకి పోతాయి. టబ్బు నేల మీదే ఉండాలి, నేను పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంటాను. మంచం మీదో బల్ల మీదో పెట్టుకుంటే నడుము నొప్పి తగ్గుతుంది, నిజమే. కానీ తడి చేతులతో అంత ఎత్తున బిడ్డను పట్టుకునే ధైర్యం నాకు లేదు.

ఇక వల సంగతి. బిడ్డను వేసే ముందు అందులో మూడు కేజీల బియ్యం సంచిని పడుకోబెట్టి, తడిపి, కాస్త అటూ ఇటూ కదిపి చూశాను. ఒక మూల కొక్కెం టక్కున ఊడిపోయింది. సంచి నీళ్లలో పడింది. బియ్యం తడిశాయి, పులిహోరకు పనికొచ్చాయి. బిడ్డయితే? ఆ రోజే వలను వంటింటికి పంపించాను, ఇప్పుడు అందులో ఉల్లిపాయలు ఉంటున్నాయి. దాని బదులు టబ్బు అడుగున మెత్తని నూలు తువ్వాలు మడిచి పరుస్తున్నాం. బిడ్డ మెడ నా ఎడమ ముంజేతి మీద ఆనుతుంది, అదే చేతి వేళ్లు అవతలి జబ్బను పట్టుకుని ఉంటాయి. కుడి చెయ్యి నీళ్లు పోస్తుంది. ఫోను మోగినా, తలుపు కొట్టినా ఎడమ చెయ్యి కదలదు.

టబ్బు లోపల నీళ్లు ఇంతవరకు పోయవచ్చని ఒక గీత గీశారు. ఆ గీత దాదాపు జానెడు ఎత్తులో ఉంది. పసికందుకు నాలుగు వేళ్ల లోతు చాలు. వేడి తెలియడానికి రంగు మారే బిళ్ల ఒకటి అతికించారు, అది తీరిగ్గా మారుతుంది. నా మోచేయి దానికంటే నయం. నీళ్లు 37 డిగ్రీల చుట్టూ, అంటే మన ఒంటి వేడి అంత ఉంటే చాలు. ముందు చన్నీళ్లు పోసి, ఆ పైన వేన్నీళ్లు కలిపి, చేత్తో అడుగు దాకా కలియబెట్టాకే బిడ్డను దించాలి. బిడ్డ టబ్బులో ఉండగా గీజరు కుళాయి తిప్పడం మా ఇంట్లో నిషిద్ధం.

కొనగానే వాడలేదు కూడా. పుట్టిన రోజే తలస్నానం చేయించాలని మా వియ్యపురాలు పట్టుబట్టారు. కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఆసుపత్రి నర్సు కూడా అదే చెప్పింది. బొడ్డు ఊడేదాకా గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడుస్తూ వచ్చాం. టబ్బు బయటికి తీయగానే ఆవిడ, "వదినగారూ, పసిగుడ్డును ప్లాస్టిక్ తొట్టిలో వేస్తారా?" అన్నారు. "మీ కాళ్లు అరువివ్వండి వదినగారూ, వేయను" అన్నాను. ఆముదానికి బదులు కొబ్బరినూనెకు ఇద్దరం రాజీపడ్డాం. చెవుల్లో, ముక్కులో చుక్క నూనె కూడా వేయనివ్వలేదు. సాంబ్రాణి పొగ దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. ఆ పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తల ఆరడానికి పొడి తువ్వాలు చాలదా? సున్నిపిండి రుద్దుడు సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నాను.

అమ్మాయి వాళ్లది మియాపూర్. అక్కడి బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి, సబ్బు నురగ రాదు, టబ్బు మీద తెల్లటి పొర కడుతుంది. బిడ్డకు జలమండలి నీళ్లు పట్టి ఉంచుతున్నాం. తెల్ల పొరను నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది.

కొనాలనుకుంటే టబ్బును తిరగేసి చూడండి. బిరడా రబ్బరుది అయి, బిగుతుగా ఉండాలి. అంచుల మీద వేలు నడిపిస్తే ఎక్కడా గరుకు తగలకూడదు. దుకాణదారు మొదట చెప్పే ధర పదకొండు వందలు, గట్టిగా బేరమాడితే ఎనిమిది వందలకు దిగుతాడు. వల ఉచితంగా ఇస్తానన్నా టబ్బు ధరలో ఇంకో యాభై తగ్గించమని అడగండి.